ఉక్కపోతలో 4711 కొలోన్: మే నెలంతా రాసుకుని చూశాను

నేను ఫిజియోథెరపిస్టుని. విశాఖపట్నంలో మద్దిలపాలెం నుంచి స్కూటీ మీద ఎంవీపీ కాలనీ, పెదవాల్తేరు, లాసన్స్ బే కాలనీల్లో ఇళ్లకు వెళ్లి వ్యాయామాలు చేయిస్తాను. పెద్దవాళ్లే ఎక్కువ. భుజం పట్టేసినవాళ్ల చెయ్యి పట్టుకుని పైకి లేపేటప్పుడు నా మెడకీ వాళ్ల ముక్కుకీ మధ్య జానెడు దూరం కూడా ఉండదు. అందుకే ఒంటికి ఏం రాసుకున్నానన్నది నా పనిలో చిన్న విషయం కాదు.

నిరుడు వేసవిలో అన్నయ్య దుబాయ్ నుంచి తెచ్చిన తియ్యటి సెంటు రాసుకుని వెళితే పెదవాల్తేరులో ఒక మామ్మగారు మొహం పక్కకి తిప్పేసుకున్నారు. "ఏటమ్మా రాసుకున్నావు? తల తిరిగిపోతంది" అన్నారు. ఆవిడ తప్పేం లేదు. మన ఊళ్లో ఎండ కంటే ఉక్కతోనే బాధ. సముద్రం గాలిలోని తేమకి చెమట ఆరదు, ఒళ్లంతా జిడ్డు. ఆ జిడ్డు మీద వెనిల్లా, ఊద్ (అగరు) లాంటి బరువైన వాసనలు చేరితే పక్కన కూర్చున్నవాళ్లకి ఊపిరాడదు.

ఈసారి 4711 కొలోన్ కొన్నాను. కొలోన్ అనేది జర్మనీలో ఊరి పేరు. అక్కడ ఫరీనా అనే ఇటలీ కుటుంబం 1709లో మొదలుపెట్టిన వ్యాపారంతో ఈ రకం పలచటి సెంటు నీళ్లకి ఆ ఊరి పేరే స్థిరపడిపోయింది. 1790ల్లో ఫ్రెంచి సైన్యం ఆ ఊరిని పట్టుకున్న రోజుల్లో ఇళ్లకు నంబర్లు వేశారు. గ్లోకెన్‌గాసె వీధిలో తర్వాత ఈ కొలోన్ పుట్టిల్లుగా పేరుపడిన ఇంటికి వేసిన నంబరే 4711. నీలం, బంగారు రంగు లేబుల్ మీద ఇప్పటికీ అదే.

నేను కొన్నది స్ప్రే లేని సీసా. అరచేతిలో కొంచెం ఒంపుకుని మెడ వెనక, మోచేతి మడతల్లో అద్దుకుంటాను. అద్దిన క్షణంలో వచ్చేది బత్తాయి తొక్కని ముక్కు దగ్గర విరిచినప్పుడు చిమ్మే వాసన. కాస్త చేదుగా, సన్నగా. ఆ చేదు బెర్గమాట్‌ది, అంటే దక్షిణ ఇటలీలో పండే ఒక నారింజ జాతి కాయది. బెర్గమాట్ వాసన కలిపే ఎర్ల్ గ్రే టీ తాగినవాళ్లు వెంటనే గుర్తుపడతారు. ఇసుకతోట సిగ్నల్ దగ్గరికి వచ్చేసరికి నిమ్మ వెనక్కి తగ్గి నారింజ పువ్వు, రోజ్‌మేరీ అనే ఆకు వాసన పైకి వస్తాయి. ఈ దశే నాకు చాలా ఇష్టం. దబ్బాకు నలిపి మజ్జిగలో వేసినప్పటి పచ్చి వాసన అది. ముప్పావుగంట దాటాక సబ్బుతో కడిగిన చెయ్యిలా శుభ్రంగా ఉంటుంది, అంతే.

చల్లదనం కూడా నిజమే. ఇందులో ఎక్కువ భాగం ఆల్కహాలే. గాలిలో ఎంత తేమ ఉన్నా అది ఆగకుండా ఆవిరైపోతుంది, పోతూ చర్మంలోని వేడిని పట్టుకుపోతుంది. చెమట చెయ్యలేని పని ఇది చేస్తుంది. ఎంవీపీలో లిఫ్ట్ లేని ఇంటికి నాలుగంతస్తులు ఎక్కాక మెడ మీద నాలుగు చుక్కలు వేసుకుంటే ఆ రెండు నిమిషాలు ప్రాణం లేచొస్తుంది.

గంటలోపే పోతుందని చాలామంది దీన్ని కొట్టిపారేస్తారు. నాకైతే అదే కావాలి. కొలోన్లలో సువాసన నూనెలు తక్కువ, పైగా నిమ్మజాతి నూనెలు అన్నిటికంటే ముందు ఎగిరిపోతాయి. అది ఈ రకం లక్షణం, నాణ్యత లోపం కాదు. పాతది చెమటతో కలిసి పులిసేలోపే పోతుంది, మళ్లీ తాజాగా అద్దుకోవచ్చు. పొద్దున రాసుకుంటే సాయంత్రం పెళ్లి దాకా ఉండాలనుకునేవాళ్లు మాత్రం దీని మీద డబ్బు పెట్టకండి.

రెండు జాగ్రత్తలు చెబుతాను. ఎండ తగిలే చర్మం మీద రాసుకోకండి. బెర్గమాట్ నూనెలో సహజంగా ఉండే ఒక పదార్థానికి ఎండ తోడైతే చర్మం కమిలి నల్లమచ్చలు పడతాయి. ఇప్పటి తయారీల్లో చాలావరకు దాన్ని తీసేసిన నూనె వాడతారు, అయినా నేను మెడ వెనక రాసుకుని చున్నీ కప్పుకుంటాను. ఇంకోటి, సీసాని స్కూటీ డిక్కీలో వదలకండి. గతంలో వాడిన వేరే నిమ్మ సెంటు అలాగే పాడైంది. వారం రోజులు డిక్కీలో మగ్గాక మూత తీస్తే పెయింటర్లు వాడే టర్పెంటైన్ కంపు. ఇప్పుడు చిన్న సీసాలోకి ఒంపుకుని బ్యాగులో పెట్టుకుంటున్నాను, పెద్దది బీరువాలో చీకట్లో ఉంటుంది.

మొన్న అదే మామ్మగారి దగ్గరికి వెళ్లాను. చెయ్యి ఎత్తిస్తుంటే ఈసారి మొహం తిప్పుకోలేదు. "దబ్బాకు మజ్జిగ తాగొచ్చావేటి?" అని అడిగారు. సీసా తీసి చూపించాను. చీరకొంగు ముందుకి చాపి, రెండు చుక్కలు వెయ్యమన్నారు.