సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొంటున్నారా? హార్డ్ డిస్క్ లైటు ఆరకపోతే డబ్బు కట్టకండి

మా తమ్ముడి కూతురు డిగ్రీలో చేరిందని సికింద్రాబాద్‌లో ఒక షాపులో రీఫర్బిష్డ్ ల్యాప్‌టాప్ కొన్నాం. ధర 18,000. "ఆఫీసులో ఏడాది వాడిన మాల్ సార్, కొత్తదానితో సమానం" అన్నారు. బిల్లు మీద "చెకింగ్ వారంటీ 15 రోజులు" అని చేత్తో రాసి ఇచ్చారు. ఇంట్లో ఆన్ చేసినప్పటి నుంచి హార్డ్ డిస్క్ లైటు వెలుగుతూనే ఉంది. ఏమీ తెరవకపోయినా లోపల కరకరమని చప్పుడు. చిన్న వర్డ్ ఫైలు తెరవబోతే స్క్రీన్ మొత్తం స్టక్ అయిపోతోంది. షాపుకి ఫోన్ చేస్తే ఒకటే జవాబు: "కొత్తగా విండోస్ వేశాం కదా సార్, అప్‌డేట్లు దిగుతుంటాయి. వారం పది రోజుల్లో సర్దుకుంటుంది."

ఈ జవాబు దగ్గరే జాగ్రత్త పడమని చెప్పడానికి ఇదంతా రాస్తున్నాను. అందులో సగం నిజం ఉంది, అందుకే అందరూ నమ్ముతారు. కొత్తగా వేసిన విండోస్ నిజంగానే కొంతసేపు డిస్క్‌ని తిప్పుతుంది. అప్‌డేట్లు దించుకుంటుంది, విండోస్‌లోనే ఉండే యాంటీవైరస్ డిఫెండర్ ఫైళ్ళన్నీ స్కాన్ చేస్తుంది, వెతకడానికి వీలుగా ఇండెక్స్ తయారు చేసుకుంటుంది. కానీ ఈ పని కొన్ని గంటల్లోనో, మహా అయితే ఒకటి రెండు రోజుల్లోనో తగ్గిపోవాలి. "వారం పది రోజులు ఆగండి" అన్న మాట నమ్మి కూర్చుంటే 15 రోజుల వారంటీలో సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా అక్కడే కరిగిపోతుంది. ఆ తర్వాత వెళ్తే గడువు అయిపోయిందంటారు. అలా మోసపోయినవాళ్ళు మా బంధువుల్లోనే ఉన్నారు.

కాబట్టి డిస్క్ ఎందుకు తిరుగుతోందో మీరే చూసుకోండి. పెద్ద కష్టమేమీ కాదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పర్ఫార్మెన్స్‌లోకి వెళ్ళి డిస్క్ మీద నొక్కండి. చాలామంది అక్కడ 100 శాతం అన్న అంకె చూసి ఆగిపోతారు. ఆ అంకె ఒక్కటే ఏమీ తేల్చదు. దాని పక్కన రీడ్ స్పీడ్, రైట్ స్పీడ్, యావరేజ్ రెస్పాన్స్ టైమ్ (అడిగిన పనికి డిస్క్ తీసుకునే సమయం) అని ఉంటాయి, అసలు సంగతి వాటిలో ఉంది. సెకనుకు 60, 80 ఎంబీలు నడుస్తూ 100 శాతం చూపిస్తే డిస్క్ నిజంగా పని చేస్తోందని అర్థం. మా ల్యాప్‌టాప్‌లో 100 శాతం దగ్గరే నిలబడిపోయింది, స్పీడు మాత్రం ఒక ఎంబీ కూడా దాటడం లేదు. రెస్పాన్స్ టైమ్ వేల మిల్లీసెకన్లలో ఉంది. మామూలు హార్డ్ డిస్క్‌కి ఇది పదుల్లో ఉంటుంది, బరువైన పని పడితే వందల్లోకి వెళ్తుంది. ఖాళీగా కూర్చున్న మెషీన్‌లో అదేపనిగా వేలల్లో ఉంటే డిస్క్‌ని అనుమానించాల్సిందే.

ఇలా ఎందుకవుతుందంటే, డిస్క్ పళ్ళెం మీద ఒక సెక్టార్ (డేటా రాసుకునే చిన్న గడి) పాడైతే డిస్క్ దాన్ని వెంటనే వదిలేయదు. చదవడానికి మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. అది తేలేదాకా విండోస్ ఎదురుచూస్తూ ఉండిపోతుంది. లైటు వెలుగుతుంది, చప్పుడు వస్తుంది, డేటా మాత్రం రాదు.

షాపాయన చెప్పిన అప్‌డేట్ల సంగతి తేల్చడానికి ఇంకో మార్గం ఉంది. వైఫై ఆపేసి కాసేపు చూడండి. అప్‌డేట్లు దించుకోవడమే కారణమైతే నెమ్మదిస్తుంది. విండోస్‌లోనే ఉండే రిసోర్స్ మానిటర్ తెరిచి డిస్క్ ట్యాబ్‌లో చూస్తే ఏ ప్రోగ్రాం ఏ ఫైలుని చదువుతోందో పేర్లతో సహా కనిపిస్తుంది. అక్కడ పేజ్‌ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్ మీద వాడుకునే ఫైలు) పేరు పదే పదే పైకి వస్తుంటే ర్యామ్ చాలడం లేదని అర్థం. 4 జీబీతో నడిచే మెషీన్లలో ఇది మామూలే. ర్యామ్ పెంచితే తగ్గిపోతుంది, డిస్క్ తప్పు కాదు. ఏదో తెలియని పేరున్న ప్రోగ్రాం రాత్రింబవళ్ళు రాస్తూ ఉంటే మాత్రం వేరే భయం. ఇలాంటి కొన్ని షాపుల్లో క్రాక్ చేసిన, అంటే లైసెన్స్ లేని దొంగ విండోస్ వేస్తారు, ఆ క్రాక్‌తో పాటే వైరస్ కూడా వచ్చే అవకాశం ఉంది. అలాంటి మెషీన్‌లో బ్యాంకు లాగిన్లు పెట్టకండి.

చివరిమాట చెప్పేది స్మార్ట్ రిపోర్టు. ప్రతి డిస్క్ తన ఆరోగ్యం లెక్క తనలోనే రాసుకుంటుంది. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం దాన్ని చూపిస్తుంది. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని షాపుకే తీసుకెళ్ళండి, నిమిషం పని. 05 అన్న వరుసలో ఉండేది పాడై పక్కన పెట్టిన సెక్టార్ల లెక్క. సీ5 అంటే చదవలేక తేల్చకుండా ఉంచినవి. సీ6 అంటే ఇక బాగుపడనివి. ఈ మూడూ సున్నా ఉండాలి. ఆ ప్రోగ్రాం ఈ లెక్కల్ని (రా వాల్యూస్) హెక్సాలో, అంటే అంకెలతో పాటు ఎ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు కూడా వాడే పద్ధతిలో చూపిస్తుంది, 1ఎఫ్4 అని ఉంటే అది 500 అన్నమాట. ఫంక్షన్ మెనూలో మామూలు అంకెల్లోకి మార్చుకుంటే తికమక ఉండదు. మా డిస్క్‌కి పసుపు రంగులో "కాషన్" అని వచ్చింది, సీ5 వందల్లో ఉంది.

అదే పేజీలో పైన పవర్ ఆన్ అవర్స్, అంటే డిస్క్ ఇప్పటిదాకా నడిచిన గంటలు ఉంటుంది. మాకు 24,000 గంటలు దాటి చూపించింది. ఏడాదికి ఉండేది 8,760 గంటలు. అంటే రాత్రీ పగలూ ఒక్క నిమిషం ఆపకుండా నడిపినా రెండున్నరేళ్ళు దాటుతుంది. "ఏడాది వాడిన మాల్" అన్న మాట అక్కడే తేలిపోయింది. ఫార్మాట్ కొట్టినా, విండోస్ మళ్ళీ వేసినా ఈ గంటలు చెరిగిపోవు. అయినా ఈ గంటలని కూడా దిద్దేవాళ్ళున్నారు. 2025 మొదట్లో జర్మనీలో ఏళ్ళ తరబడి వాడిన సీగేట్ కంపెనీ సర్వర్ డిస్కుల్ని గంటల లెక్క చెరిపేసి కొత్తవిగా అమ్మిన సంగతి బయటపడింది. కాబట్టి గంటలు తక్కువగా ఉన్నాయని మురిసిపోకుండా, ఆ మూడు వరుసలూ రెస్పాన్స్ టైమూ కూడా చూడండి.

ఇలాంటి డిస్క్ ఇప్పటికే మీ చేతిలో ఉంటే, దయచేసి ముందు ఫైళ్ళు వేరే చోటికి కాపీ చేసుకోండి. "చెక్ డిస్క్ (డిస్క్‌ని వెతికి సరిచేసే విండోస్ ప్రోగ్రాం) కొట్టండి, సెట్ అయిపోతుంది" అని సలహా ఇస్తారు. చనిపోతున్న డిస్క్‌లో ప్రతి సెక్టారునీ గంటల తరబడి చదివిస్తే ఉన్న ప్రాణం కూడా పోవచ్చు. పిల్లల ఫొటోలు, ప్రాజెక్టు ఫైళ్ళు పోయాక ఏ షాపూ తెచ్చివ్వదు.

షాపుతో మాట్లాడే ముందు సాక్ష్యం సిద్ధం చేసుకోండి. స్మార్ట్ పేజీ, టాస్క్ మేనేజర్ రెండింటికీ తేదీ కనిపించేలా ఫొటోలు తీయండి. విండోస్ తన ఎర్రర్లు రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్ కింద సిస్టమ్‌లో "డిస్క్" పేరుతో 7 నంబరు ఎర్రర్లు ఉన్నాయేమో చూడండి. డిస్క్ మీద పాడైన చోటు (బ్యాడ్ బ్లాక్) తగిలినప్పుడు విండోస్ రాసుకునే నంబరు అది. 153 అంటే ఒకసారి కుదరక మళ్ళీ ప్రయత్నించిందని. విండోస్ వేసింది షాపువాళ్ళే కాబట్టి, అందులో కొన్న రోజే ఈ ఎర్రర్లు ఉంటే "మీ వాడకం వల్ల పోయింది" అనడానికి వాళ్ళకి దారి ఉండదు. మా విషయంలో బాగా పనికొచ్చింది ఇదే.

బిల్లు లేకుండా కొనకండి. బిల్లు మీద ల్యాప్‌టాప్ సీరియల్ నంబరుతో పాటు డిస్క్ సీరియల్ నంబరు కూడా రాయించండి, అది క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలోనే కనిపిస్తుంది. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని అచ్చు వేసినంత మాత్రాన చేతులు దులుపుకోవడం కుదరదు. బిల్లులో రాసిన గడువులోపు, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోపు, లోపమున్న వస్తువుని వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా లెక్కిస్తుంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అందులోకే వస్తుంది. మాట వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళొచ్చు. 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు, రెండేళ్ళ వరకు గడువుంటుంది.

మేము ఫొటోలు చూపించి, 1915 మాట ఎత్తాక షాపాయన డిస్క్ మార్చి ఇస్తానన్నాడు. మార్చిన డిస్క్‌ని అక్కడే కౌంటర్ మీద పరీక్ష పెడితే దానికీ పసుపు రంగే వచ్చింది. చివరికి కొంచెం డబ్బు మీద వేసి సీల్ ఉన్న కొత్త ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్ళెం లేని డిస్క్) వేయించుకున్నాం, దాని సీరియల్ నంబరు బిల్లు మీద రాయించాం. మీకు కూడా "మార్చి ఇస్తాం" అంటే, ఆ మార్చిన డిస్క్‌ని పరీక్షించకుండా షాపు మెట్లు దిగకండి.