నానోసెకండ్ లేజరా, ఫెమ్టోసెకండ్ లేజరా?

స్టీలు రేకుకు సన్నటి రంధ్రం వేయాలనుకోండి. ఈ లేజర్లు కాంతిని పల్స్‌లుగా, అంటే చిన్న చిన్న మెరుపులుగా కొడతాయి; ఒక్కో మెరుపు ఎంతసేపు ఉంటుందో చెప్పేదే వాటి పేరు. నానోసెకండ్ అంటే సెకనులో వంద కోట్లో వంతు. మన లెక్కలో అది రెప్పపాటు కూడా కాదు, లోహానికి మాత్రం బోలెడు టైమ్. కాంతిని ముందు ఎలక్ట్రాన్లు పీల్చుకుని, కొన్ని పికోసెకండ్లలోనే (పికోసెకండ్ అంటే నానోసెకండ్‌లో వెయ్యో వంతు) ఆ శక్తిని పరమాణువులకు అందిస్తాయి. పల్స్ ఇంకా పడుతుండగానే లోహం కరిగి, మరిగి, వేడి పక్కలకు పాకుతుంది. మైక్రోస్కోప్‌లో చూస్తే రంధ్రం అంచు చుట్టూ కరిగి గడ్డకట్టిన గట్టు కనిపిస్తుంది.

ఫెమ్టోసెకండ్ అందులో పది లక్షల వంతు. వేడి పాకేలోపే పల్స్ అయిపోతుంది, పైపొర ఆవిరై లేచిపోతుంది, అంచు నీట్‌గా మిగులుతుంది. పల్స్‌లు మరీ దగ్గర దగ్గరగా కొడితే మాత్రం ఇక్కడా వేడి పోగవుతుంది.

నన్ను అబ్బురపరిచేది గాజు. 800 నానోమీటర్ల కాంతిలో ఒక్కో ఫోటాన్ (కాంతి రేణువు) శక్తి సుమారు 1.55 ఎలక్ట్రాన్ వోల్టులు (పరమాణువుల స్థాయిలో శక్తిని కొలిచే యూనిట్). ఫ్యూజ్డ్ సిలికా అనే స్వచ్ఛమైన గాజులో ఎలక్ట్రాన్‌ను విడిపించడానికి దాదాపు 9 కావాలి. అందుకే మామూలుగా ఆ కాంతి గాజును దాటి వెళ్లిపోతుంది. ఫెమ్టోసెకండ్ పల్స్‌ను లోపల ఫోకస్ చేస్తే తీవ్రత ఎంత పెరుగుతుందంటే, ఎలక్ట్రాన్ ఒకేసారి ఆరు ఫోటాన్లను మింగేస్తుంది. పైన గీత పడకుండా గాజు లోపలే రాయొచ్చు! నానోసెకండ్ పల్స్‌తో అయితే మలినాలు, లోపాలు ఉన్నచోట ముందు దెబ్బతింటుంది. ఎక్కడ పగులుతుందో చెప్పడం కష్టం.

ఇనుప భాగాల మీద నంబర్లు చెక్కడానికి నానోసెకండ్ లేజర్ చాలు, ధరా తక్కువే. గాజుకు, కంటి సర్జరీకి మాత్రం నా ఓటు ఫెమ్టోసెకండ్‌కే.