ఉటంకింపుల్లో స్త్రీవాదం: ఏ పద్ధతి మేలు?

పరిశోధన పేపర్‌లో ఎవరిని ఉటంకించాలో చాలామంది కూర్చుని ఆలోచించరు. అంతకుముందు పేపర్లలో కనిపించిన పేర్లే మళ్లీ మన రిఫరెన్సుల్లోకి వచ్చి చేరతాయి. అంతర్జాతీయ సంబంధాల రంగంలో 1980-2006 మధ్య వచ్చిన వ్యాసాలను 2013లో ఒక అధ్యయనం పరిశీలించింది. ప్రచురణ ఏడాది, పత్రిక, అంశం వంటివన్నీ లెక్కలోకి తీసుకున్నా స్త్రీల రచనలను తక్కువగానే ఉటంకిస్తున్నారని తేలింది. దీన్ని సరిచేయడానికి ముఖ్యంగా మూడు పద్ధతులు వాడుకలో ఉన్నాయి.

ఒకటి, కొందరిని పూర్తిగా పక్కన పెట్టడం. స్త్రీవాద రచయిత్రి సారా అహ్మద్ 2017 నాటి ‘లివింగ్ ఎ ఫెమినిస్ట్ లైఫ్’లో తెల్లజాతి పురుషులెవరినీ ఉటంకించకూడదని నియమం పెట్టుకున్నారు. మొండితనంలా అనిపించినా, అలవాటైన పుస్తకాలు వదిలి కొత్తవి వెతకక తప్పని పరిస్థితి దీనివల్ల వస్తుంది. పేరు స్థిరపడ్డవాళ్లకు ఇది చెల్లుతుంది. థీసిస్ రాసే విద్యార్థికి మాత్రం వైవా టెన్షన్. ఫ్రెంచ్ తత్వవేత్త ఫూకో మీద పనిచేస్తూ ఫూకోను ఎలా వదిలేస్తారు?

రెండోది లెక్కపెట్టడం. తమ రిఫరెన్సుల్లో స్త్రీలు ఎంత శాతమో చెప్పే ప్రకటనను న్యూరోసైన్స్ వంటి రంగాల్లో కొందరు పేపర్‌కు జతచేస్తున్నారు. సులువైన పని, కళ్లు కూడా తెరిపిస్తుంది. కానీ ఈ లెక్క వేసే సాఫ్ట్‌వేర్, రచయిత పేరును బట్టి జెండర్‌ను ఊహిస్తుంది. ఇనీషియల్స్ మాత్రమే ఉంటే ఏమీ తేల్చలేదు. స్త్రీ, పురుష అనే రెండు గడుల్లో ఇమడనివారిని తప్పుగా లెక్కేస్తుంది.

ఈ లెక్కల పద్ధతిలో ఇంకో పెద్ద లోపం ఉంది. పేరొందినవారికే మరింత పేరు దక్కుతుందని చెప్పే ‘మాథ్యూ ఎఫెక్ట్’ వ్యాసాన్ని సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ 1968లో రాశారు. నోబెల్ గ్రహీతలతో మరో సామాజిక శాస్త్రవేత్త హారియట్ జుకర్‌మన్ చేసిన ఇంటర్వ్యూలే దానికి ఆధారం. ఆమె పేరు వ్యాసంలో ఉంది, రచయితల చోట లేదు. అది ఉమ్మడి రచనగా రావాల్సిందని మెర్టనే 1973లో ఒప్పుకున్నారు. శాతాలు చూసే పద్ధతికి ఇలాంటి లోటు కనిపించే అవకాశమే లేదు! (స్త్రీ శాస్త్రవేత్తల ఘనత పురుషుల ఖాతాలో పడటాన్ని చరిత్రకారిణి మార్గరెట్ రాసిటర్ 1993లో ‘మటిల్డా ఎఫెక్ట్’ అన్నారు.)

మూడోది, చదివి వాదనలోకి తీసుకోవడం. మానవశాస్త్రవేత్త క్రిస్టెన్ స్మిత్ 2017లో మొదలుపెట్టిన ‘సైట్ బ్లాక్ విమెన్’ ఉద్యమం మొదటి సూత్రం నల్లజాతి స్త్రీల రచనలు చదవమనే. వాటిని సిలబస్‌కు కేంద్రంలో ఉంచమనేది ఆ తర్వాతిది. నా ఓటు దీనికే. ‘జెండర్’ అని ఒక వారం కేటాయించి స్త్రీల వ్యాసాలన్నీ అందులో కుక్కేస్తే, సిద్ధాంతం పురుషులది, అనుభవం స్త్రీలది అని విద్యార్థులకు పాఠం చెప్పినట్టే. మొదటి వారం సిద్ధాంత పాఠంలోనే వాళ్లను చదివించాలి, వాళ్లతో విభేదించనివ్వాలి కూడా. ఒకరి వాదనను రెండు పేరాల్లో ఖండించడం, బ్రాకెట్‌లో ఆరు పేర్ల మధ్య ఆమె పేరు ఇరికించడం కంటే ఎక్కువ గౌరవం.

దీనికి టైమ్ పడుతుంది, నిజమే. డెడ్‌లైన్ మీదున్నవాళ్లు డ్రాఫ్ట్ దశలో ఒకసారి లెక్క చూసుకోవచ్చు. శాతం తక్కువగా వస్తే పేర్లు అతికించడం కాదు, ఏ విభాగం ఒకే గుంపు మాటల మీద నడుస్తోందో చూసి అక్కడ మళ్లీ చదవడం మొదలుపెట్టాలి.