పొదిగించడానికి కుర్ర మంద గుడ్లా, ముదురు మంద గుడ్లా?

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల గుడ్లు పొదిగించి పిల్లలు అమ్మే చిన్న హేచరీలవాళ్లు బ్రాయిలర్ గుడ్లు కొనేటప్పుడు ముందు ధర అడుగుతారు, తర్వాత సైజు చూస్తారు. నన్నడిగితే మొదట అడగాల్సింది మంద వయసు.

ఈ గుడ్లు పెట్టే పేరెంట్ కోళ్లు దాదాపు 25 వారాలకు గుడ్లకొస్తాయి. తొలి గుడ్లు చిన్నవి. పిల్ల బరువు గుడ్డులో ఇంచుమించు మూడింట రెండు వంతులు కాబట్టి 52 గ్రాముల గుడ్డు నుంచి 35 గ్రాముల పిల్లే వస్తుంది. చేతిలో పెట్టగానే రైతు మొహం చిట్లిస్తాడు. పిల్లల్ని వెచ్చగా ఉంచే బ్రూడర్ వేడి కూడా కాస్త ఎక్కువ కావాలి. అదే 50 వారాలు దాటిన మందైతే గుడ్డు పెద్దది, పిల్ల బొద్దుగా ఉంటుంది. కానీ పెంకు పల్చబడుతుంది, తెల్లసొన నీళ్లగా ఉంటుంది, పిండం కట్టని ఉత్త గుడ్లూ ఎక్కువే. పుంజులకూ వయసు మీద పడింది కదా!

ఇంతవరకూ సరిసమానమే. తేడా తేలేది నిల్వలో. కుర్ర గుడ్డు వారం ఆగినా పెద్దగా చెడదు, ముదురు గుడ్డు అంత ఓర్చుకోదు. వారం దాటితే ఏ గుడ్డుకైనా పిల్లల శాతం రోజురోజుకీ పడిపోతుంది. ఆ వారం గడువు కూడా 15 నుంచి 18 డిగ్రీల గదిలో, 75 శాతం తేమలో ఉంచితేనే. రోహిణి కార్తెలో మన రేకుల గది వేడి గుడ్లు పొదిగే యంత్రం, అంటే సెట్టర్, 37.5 డిగ్రీలకు ఏమాత్రం తీసిపోదు. పిండం ట్రేలోనే ఎదగడం మొదలెట్టి, నిలకడ లేని వేడికి చచ్చిపోతుంది. గుడ్డు మంచిది కాదని అమ్మినవాణ్ణి తిడతాం.

ఏసీ గది నుంచి తీసేటప్పుడూ జాగ్రత్త. శ్రావణంలో ఉక్కబోతలోకి ఒక్కసారిగా తెస్తే గుడ్డుకు చెమట పడుతుంది, ఆ తడితో పాటే సూక్ష్మక్రిములు పెంకు రంధ్రాల్లోంచి లోపలికి పోతాయి. తడి ఆరేదాకా క్రిములు చంపే పొగ పెట్టకండి. కోడి నేల మీద పెట్టినవి, పగుళ్లున్నవి, రెండు సొనలవి ఏ మందవైనా వద్దు. మురికి గుడ్లు కడిగి వాడుకోవచ్చనే ఆశ కూడా వద్దు, పైపొర పోతుంది.

35 నుంచి 45 వారాల మంద గుడ్లు దొరికితే ఇంకో ఆలోచన అక్కర్లేదు. దొరక్కపోతే, వారానికొక్కసారి సెట్టర్ నింపేవాళ్లకు కుర్రవే మేలు. రెండు మూడు రోజులకోసారి పెట్టగలిగితే ముదురువి ధర తగ్గించి తీసుకోండి. రెండూ కొన్నా ఒకే సెట్టర్‌లో కలపకండి. అన్నీ ఒకేసారి పగలవు, ముందొచ్చిన పిల్లలు మిగతావి వచ్చేదాకా, పిల్లలు బయటికొచ్చే యంత్రమైన హ్యాచర్‌లో ఎండిపోతాయి.