హాప్సలులో మకాం: కోట, బురద చికిత్స, ఊలు శాలువా

ఎస్తోనియాకు వచ్చే పర్యాటకులు సాధారణంగా రాజధాని తాలిన్ పాతపట్టణం చూసుకొని, ఓడెక్కి హెల్సింకీ దారి పడతారు. ఒక రోజు మిగిలితే పొద్దున్నే బస్సులో హాప్సలు వెళ్లి, కోట ముందు ఫోటోలు దిగి, కాఫీ తాగి, చీకటిపడేలోగా తిరిగి వస్తారు. అలా చూస్తే శిథిలమైన కోట ఒకటి, సముద్రపు ఒడ్డున నడకదారి ఒకటి తప్ప మరేమీ మనసులో నిలవదు. దాదాపు పదివేల మంది మాత్రమే ఉండే ఆ ఊళ్లో నాకు ఎక్కువగా నచ్చినవి అక్కడి బురద చికిత్స, ఊలు అల్లిక, వేసవి సాయంకాలం సముద్రం మీద ఎంతకీ తరగని వెలుతురు. వచ్చిన పూటే వెళ్లిపోయేవారికి ఈ మూడింటిలో ఏదీ దక్కదు. కాబట్టి హాప్సలు వెళ్లదలచినవారు కనీసం రెండు రాత్రులు అక్కడ ఉండేలా ఏర్పాటు చేసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

తాలిన్‌కు నైరుతి దిశగా వంద కిలోమీటర్ల దూరంలో, పడమటి తీరంలో ఈ ఊరు ఉంది. బస్సు ప్రయాణం గంటన్నర పడుతుంది. బస్సులు శుభ్రంగా ఉంటాయి, వేళకు బయలుదేరతాయి, టికెట్లు ఆన్‌లైన్‌లోనే తీసుకోవచ్చు. కారు అద్దెకు తీసుకోవలసిన అవసరం నాకు కనిపించలేదు, ఎందుకంటే ఊరంతా కాలినడకన తిరగవచ్చు. బస్సు ఆగే చోటు పాత రైల్వే స్టేషన్ కావడం వల్ల, చూడవలసిన వాటిలో ఒకటి దిగగానే ఎదురవుతుంది.

ఆ స్టేషన్‌ను 1907 నాటికి కట్టారు. అప్పట్లో ఎస్తోనియా రష్యా సామ్రాజ్యంలో భాగం కావడంతో రష్యా చక్రవర్తి కుటుంబమూ, రాజధాని పీటర్స్‌బర్గ్ ప్రభువర్గమూ వేసవి విడిదికి ఇక్కడికి వచ్చేవారు. రైలు దిగిన రాజపరివారం వానలో తడవకూడదని 216 మీటర్ల పొడవున ప్లాట్‌ఫారం అంతటికీ పైకప్పు వేశారు. చెక్క స్తంభాలు, వాటి పైభాగాన నగిషీ చెక్కిన పలకలు వరుసగా కనుచూపు మేర సాగిపోతాయి. ఇంత చిన్న ఊరికి అంత పెద్ద ప్లాట్‌ఫారం ఎందుకన్న ప్రశ్నకు జవాబు ఆ కాలపు అతిథుల హోదాలోనే ఉంది. ప్రయాణికుల రైళ్లు 1995లో ఆగిపోయాయి, తరువాత పట్టాలు కూడా తీసేశారు. ఇప్పుడు పాత రైలుమార్గం మీద సైకిళ్లు తిరుగుతాయి. తాలిన్ నుంచి తుర్బా దాకా రైల్లో వచ్చి, అక్కడి నుంచి ఆ బాట మీద సైకిలు తొక్కుతూ హాప్సలు చేరేవారు ఉన్నారు. స్టేషన్ భవనంలోని రైల్వే మ్యూజియం, బయట నిలబెట్టిన పాత ఆవిరి ఇంజన్లు పిల్లలున్న కుటుంబాలకు తప్పకుండా నచ్చుతాయి. పెద్దలు సైతం దీన్ని బస్సు కోసం కాచుకొనే చోటుగా చూసి వదిలేయకూడదు. నా దృష్టిలో ఈ స్టేషన్‌కు రావలసినంత పేరు రాలేదు.

బస విషయంలో రెండు దారులున్నాయి. ఒకటి, పరలేపా అడవి పక్కన సముద్రతీరంలోనూ, ఊరి మధ్యనున్న చిన్న ఉప్పుకయ్య ఒడ్డునా ఉన్న స్పా హోటళ్లు. రెండోది, పాతపట్టణపు సందుల్లోని చెక్క ఇళ్లలో నడిపే గెస్ట్‌హౌస్‌లు. స్పా హోటళ్లలో ఈతకొలను, సౌనా అనే వేడిగది, చికిత్స, భోజనం అన్నీ ఒకే కప్పు కింద దొరుకుతాయి. కీళ్లనొప్పులతో బాధపడే తల్లిదండ్రులను వెంట తీసుకువెళ్లేవారికి ఇదే మేలు. అయితే వీటిలో కొన్ని సోవియట్ కాలపు కట్టడాలు. లోపల బాగు చేసినా గదులు ఇరుకుగా, వరండాలు ఆసుపత్రిని తలపించేలా ఉంటాయి. చెక్క ఇళ్లలో మెట్లు నిటారుగా ఉంటాయి, లిఫ్టు ఉండదు, బరువైన పెట్టెలు మోసుకోవాలి. అయినా కిటికీ తెరిస్తే లైలాక్ పొదలు, ఎదురింటి ముంగిట్లో కూరగాయల మడి, ఏ మూల నుంచి నడిచినా పది నిమిషాల్లో సముద్రం ఉంటాయి. ఒంట్లో ఓపిక ఉన్నవారికి నేను చెక్క ఇంటినే సిఫారసు చేస్తాను. చికిత్సకు స్పా హోటలుకు విడిగా వెళ్లవచ్చు, అక్కడ బస చేయనివారికి కూడా చికిత్స ఇస్తారు. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. చిన్న గెస్ట్‌హౌస్‌లలో రిసెప్షన్ అంటూ ఉండదు, తలుపు తెరిచే అంకెలు ఫోనుకు పంపుతారు. మేము దిగినచోట ఆ సందేశం ఆలస్యంగా రావడంతో చలిగాలిలో గుమ్మం ముందు చాలాసేపు నిలబడవలసి వచ్చింది. బయలుదేరే ముందే ఆ అంకెలు అడిగి తీసుకోవడం మంచిది.

ఇక కోట. మధ్యయుగాల్లో ఈ ప్రాంతాన్ని ఏలిన సారె–లానె బిషప్పుల (క్రైస్తవ మతాధిపతుల) రాజ్యానికి ఇది ముఖ్యస్థానం. 1279లో బిషప్పు హెర్మన్ ఈ ఊరికి పట్టణ హక్కులిచ్చాడు. బయటి ప్రాకారం పొడవు 800 మీటర్లకు పైగా ఉంటుంది. 16వ శతాబ్దంలో కోట స్వీడన్ చేతిలోకి వెళ్లింది, 17వ శతాబ్దంలో దె లా గార్దీ అనే ప్రభువు దాన్ని కొనుక్కున్నాడు, 1688లో చర్చి కప్పు అగ్నికి ఆహుతైంది. 18వ శతాబ్దపు తొలినాళ్లలో రష్యా, స్వీడన్‌ల మధ్య జరిగిన ఉత్తర మహాయుద్ధకాలంలో ఊరు రష్యా వశమయ్యాక చక్రవర్తి మొదటి పీటర్ ఆజ్ఞతో గోడల ఎత్తును అక్కడక్కడ తగ్గించారు. ఇప్పుడు గోడల లోపలి మైదానం ఊరివాళ్ల పార్కు. పిల్లలు అక్కడే ఆడుకుంటారు, వేసవిలో కచేరీలు అక్కడే జరుగుతాయి. మైదానంలో తిరగడానికి టికెట్టు లేదు, మ్యూజియంకూ చర్చికీ మాత్రం ఉంది. 2019లో మరమ్మతులు ముగించుకొని తిరిగి తెరిచిన ఈ మ్యూజియంలో పాత గోడలకు ఆనించి కొత్త ఉక్కు మెట్లు, గాజు పలకలు అమర్చారు. పాతదేదో కొత్తదేదో చూడగానే తెలిసేలా చేసిన ఆ పని నాకు ఎంతో నచ్చింది. శిథిలాన్ని కొత్త రాయితో పూడ్చి పాతదేనని నమ్మించే ప్రయత్నం అక్కడ లేదు.

కోటలోని కెథెడ్రల్ ఒకే నడవతో కట్టిన చర్చి. బాల్టిక్ దేశాల్లో ఈ రకపు చర్చిల్లో ఇదే పెద్దది. లోపల మధ్యలో ఒక్క స్తంభమూ లేదు. తెల్లని సున్నపు గోడలు, పైన కమానులు, అంతే. రెండో ప్రపంచయుద్ధం తరువాత సోవియట్ పాలనలో దీన్ని ధాన్యపు గిడ్డంగిగా కూడా వాడారు. లోపల అలంకారం పెద్దగా మిగలలేదు గనుక కొందరికి వెలితిగా తోచవచ్చు. కాని అక్కడ పాట వినాలి. ఎవరైనా నాలుగు స్వరాలు పలికితే అవి కమానుల దాకా వెళ్లి, కాసేపు నిలిచి, నెమ్మదిగా కిందికి దిగుతాయి. కచేరీ ఉన్న రోజు చూసుకొని వెళ్లగలిగితే అంతకు మించిన భాగ్యం లేదు.

ఈ చర్చికి ఆనుకొని ఉన్న బాప్తిస్మ మందిరపు కిటికీలో ఆగస్టు పున్నమి రాత్రుల్లో ‘తెల్లదొరసాని’ కనిపిస్తుందని ఊరివాళ్ల నమ్మకం. చర్చి పెద్దలలో ఒకడు స్థానికురాలైన ఒక పిల్లను ప్రేమించి, ఆడవాళ్లకు ప్రవేశం లేని కోటలోకి ఆమెను మగవేషంలో తీసుకువచ్చి గాయకబృందంలో చేర్చాడట. రహస్యం బయటపడ్డాక ఆమెను కట్టుబడిలో ఉన్న గోడలో సజీవంగా పెట్టి మూసేశారట. పున్నమి వెన్నెల ఆ కిటికీ అద్దాల మీద పడే కోణం వల్ల తెల్లని ఆకారం ఒకటి ఏర్పడుతుందనేది అందరికీ తెలిసిన వివరణే. తెలిసినా జనం వస్తారు. ఆ రోజుల్లో జరిగే ఉత్సవం ఊరికి పెద్ద పండుగ. గదులు నెలల ముందే నిండిపోతాయి, ధరలు పెరుగుతాయి. సందడి ఇష్టమైనవారు ఆ వారమే ఎంచుకోవచ్చు. ఊరు అసలు ఎలా ఉంటుందో చూడదలచినవారికి జూన్ నెల మేలు.

హాప్సలుకు ప్రపంచంలో పేరు తెచ్చింది బురద. సముద్రం లోతు లేకుండా ఊరి చుట్టూ నిలిచి ఉండే కయ్యల అడుగున వేల ఏళ్లుగా పేరుకున్న మెత్తని నల్లని ఒండ్రు అది. పల్లెవాళ్లు కీళ్లనొప్పులకు దాన్ని పట్టుగా వేసుకోవడం గమనించిన కార్ల్ అబ్రహామ్ హున్నియుస్ అనే వైద్యుడు 1825లో ఇక్కడ మొదటి బురద చికిత్సాలయం తెరిపించాడు. సముద్రతీరపు నడకదారిలో ఆయన స్మారకం ఉంది. వైద్యుడి పుణ్యమా అని చేపలు పట్టే ఊరు విడిది పట్టణమైంది, దాని వెంట రైలు, దాని వెంట ప్లాట్‌ఫారం వచ్చాయి.

చికిత్స ఇలా ఉంటుంది. పరుపు మీద మందపాటి గుడ్డ పరిచి, దాని మీద సుమారు 40 డిగ్రీల వేడి ఉన్న బురదను అరచేయి మందాన పరుస్తారు. దోసెల పిండి కంటే కాస్త చిక్కగా, ఇసుక పలుకు లేకుండా, నూనె రాసినట్టు జారుతూ ఉంటుంది. గంధకపు వాసన వేస్తుంది, రెండు నిమిషాల్లో అలవాటైపోతుంది. దాని మీద పడుకున్నాక నొప్పి ఉన్న చోట మరికొంత పూసి, గుడ్డతోనూ కంబళితోనూ చుట్టేస్తారు. నీటి వేడి ఒంటికి వెంటనే తగిలి త్వరగా పోతుంది. బురద వేడి అలా కాదు, నెమ్మదిగా లోపలికి దిగుతూ పావుగంట దాటినా తగ్గదు. తరువాత స్నానం, ఆపైన కదలకుండా విశ్రాంతి. మా అమ్మగారికి మోకాళ్లలో పట్టేసినట్టుండే బిగువు ఆ సాయంత్రం తగ్గింది, మరునాటికి కొంత తిరిగి వచ్చింది. ఇక్కడి పద్ధతిలో ఇది వరసగా చేయించుకోవలసిన చికిత్స గనుక, ఒక్కసారికే అద్భుతం ఆశించకూడదు. గుండెజబ్బు, అధిక రక్తపోటు ఉన్నవారూ గర్భిణులూ వైద్యుని అడగకుండా చేయించుకోకూడదు. వారాంతాల్లో అపాయింట్‌మెంట్ దొరకదు, గది బుక్ చేసినప్పుడే దీన్ని కూడా ఖాయం చేసుకోవాలి. పనిచేసే స్త్రీలు మాటలు తక్కువగా, చేతిపని ఎంతో నేర్పుగా, మర్యాదగా చేశారు. సేవల్లో నేను పూర్తి మార్కులు వేసేది వారికే.

సాయంత్రం నడకకు సముద్రపుటొడ్డు దారిని మించినది లేదు. 1898లో కట్టిన కూర్సాల్ అనే చెక్క భవనం నీళ్ల అంచున ఉంది. దాని చుట్టూ వరండా, వరండా అంచుల్లో లేసు అల్లినట్టు కోసిన చెక్క పని. వేసవిలో అక్కడ భోజనశాల నడుస్తుంది. తిండి మామూలుగానే ఉంటుంది, కూర్చోవలసింది ఆ వరండా కోసం. ఇంకొంత ముందుకు వెళితే రష్యన్ సంగీతకర్త చైకోవ్‌స్కీ పేరిట 1940లో పెట్టిన రాతిబెంచీ వస్తుంది. 1867 వేసవిలో, ఇరవై ఏడేళ్ల వయసులో ఆయన ఇక్కడ గడిపి, ‘హాప్సలు జ్ఞాపకం’ అనే అర్థం వచ్చే పేరుతో మూడు పియానో రచనలు చేశాడు. మొదటిదానికి ‘కోట శిథిలాలు’ అని పేరు పెట్టాడు. దాన్ని ఫోనులో వింటూ ఆ బెంచీ మీద కూర్చోవడం నేను ఎవరికైనా చెప్పగలిగే సలహా. జూన్‌లో రాత్రి పది దాటాక కూడా నీళ్ల మీద గులాబీ రంగు నిలిచి ఉంటుంది, హంసలు ఒడ్డుకు దగ్గరగా తిరుగుతుంటాయి. ఈతకు మాత్రం ఈ ఒడ్డు పనికిరాదు. లోతు చాలదు, అడుగున బురదే. స్నానానికి పరలేపా తీరానికి వెళ్లాలి.

కార్యా వీధిలోని లేసు కేంద్రంలో హాప్సలు శాలువా తయారీ చూడవచ్చు. విడిదికి వచ్చిన ధనిక స్త్రీలు కొనుక్కోవడంతో 19వ శతాబ్దంలో ఈ అల్లిక వృద్ధిలోకి వచ్చింది. సన్నని ఊలు దారంతో మధ్యభాగం ఒకటిగా, చుట్టూ అంచు విడిగా అల్లి, తరువాత రెండూ చేత్తో కుడతారు. ఆకుల నమూనా మధ్య చిన్న మొగ్గల్లా ఉబ్బెత్తుగా కనిపించేవి దీని ప్రత్యేకత. అల్లికలోని ఒకే కంటిలోంచి ఐదో ఏడో దారపు చుట్లు వదులుగా లాగి, తరువాతి వరుసలో వాటన్నిటినీ కలిపి ఒక్కటిగా అల్లితే ఒక మొగ్గ తయారవుతుంది. చుట్లు బిగిస్తే సూది వాటిలో దూరదు, మరీ వదిలితే మొగ్గ నిలబడదు. కళ్లజోడు పెట్టుకున్న ఒక పెద్దావిడ చూపులు మాపై ఉంచి మాట్లాడుతూనే ఈ పని చేశారు. అల్లడం పూర్తయ్యాక తడిపి చెక్క చట్రం మీద సాగదీసి ఆరబెడతారు, అప్పుడే నమూనా విచ్చుకుంటుంది. శాలువా మొత్తం ఒక ఉంగరంలోంచి దూరిపోతుంది. ధర చాలా ఎక్కువ, అయితే వారాల తరబడి చేసే చేతిపనికి ఆ ధర న్యాయమే. దగ్గరి దుకాణాల్లో చవగ్గా దొరికే మిషన్ అల్లికను దీనితో పోల్చవద్దు: అంచు కుట్టి ఉందా, మొగ్గలున్నాయా అని చూస్తే తేడా తెలుస్తుంది.

ఈ ప్రాంతపు ప్రముఖుల్లో మొదట చెప్పవలసినవాడు సంగీతకర్త సిరిల్లుస్ క్రెక్. 1889లో సమీపంలోని రిదాల ప్రాంతంలో పుట్టి, జీవితంలో ఎక్కువ భాగం హాప్సలులో సంగీతం చెప్పుకుంటూ గడిపి, 1962లో ఇక్కడే కన్నుమూశాడు. పల్లెల్లో ముసలివాళ్లు పాడే భక్తిగీతాలను ఫోనోగ్రాఫ్ పట్టుకొని తిరిగి సేకరించాడు. వాటి ఆధారంగా ఆయన కూర్చిన బృందగానాలు నేటికీ ఎస్తోనియా అంతటా పాడతారు. రాజధానిలో పేరు వెతుక్కోకుండా ఊళ్లోనే ఉండి ఇంత పని చేసిన మనిషి మీద నాకు ఎనలేని గౌరవం కలిగింది. బొమ్మల కళాకారిణి ఇలోన్ వీక్‌లాండ్ 1930లో తార్తులో పుట్టినా బాల్యం ఇక్కడే తాతా అవ్వల దగ్గర గడిచింది. 1944లో యుద్ధభయంతో పడవలో స్వీడన్ చేరి, తరువాత స్వీడిష్ రచయిత్రి ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసింది. 2009లో ఆమె పేరిట తెరిచిన ‘ఇలోన్ వింతలోకం’లో అసలు చిత్రాలను చూడవచ్చు, పిల్లలు రంగులు వేసుకోవచ్చు, వేషాలు కట్టవచ్చు. చిత్రకారుడు అంట్స్ లైక్మా తనకు తానే రూపకల్పన చేసుకున్న ఇల్లు ఊరికి బయట తెబ్లా దగ్గర ఉంది. సొంత వాహనం ఉంటేనే అక్కడికి వెళ్లడం సుఖం.

శాకాహారులకు భోజనం కష్టమనే చెప్పాలి. చేపలు, పందిమాంసం ప్రధానం. నల్లని రై రొట్టె, ఉడికించిన బంగాళాదుంపలు, మన జున్నుకు దగ్గరగా ఉండే పెరుగు ముద్ద, పుట్టగొడుగుల సూప్ దొరుకుతాయి. సూప్‌లో మాంసపు రసం ఉందేమో అడిగి తీరాలి. వంటగది ఉన్న గది తీసుకొని, సూపర్‌మార్కెట్‌లో బియ్యం, కూరగాయలు కొనుక్కోవడం ఉత్తమం. కేఫ్‌లలో కేకులు చాలా బాగుంటాయి, కాని చాలావరకు తొందరగా మూసేస్తారు. చలికాలంలో కొన్ని మ్యూజియంలు, భోజనశాలలు తెరవనే తెరవరు. అప్పుడు స్పా కోసం తప్ప ఈ ఊరు సిఫారసు చేయను.

మూడో రోజు చేతిలో ఉంటే, తొమ్మిది కిలోమీటర్ల దూరంలోని రోహుకుల రేవు నుంచి పడవలో వోర్మ్‌సి దీవికి వెళ్లండి. పెద్ద దీవి హీయుమాకు కూడా అక్కడి నుంచే పడవలున్నాయి, అయితే దానికి ఒక్క రోజు చాలదు. వోర్మ్‌సిలో శతాబ్దాల తరబడి స్వీడిష్ మాట్లాడే జాలరులు, రైతులు నివసించారు. 1944 నాటికి దాదాపు అందరూ స్వీడన్‌కు తరలిపోయారు. వారి చరిత్రను హాప్సలులోని తీర స్వీడిష్ మ్యూజియంలో ముందుగా చూసి వెళితే దీవి బాగా అర్థమవుతుంది. అక్కడ ఆ వంశాల స్త్రీలే కుట్టిన ఇరవై మీటర్ల చిత్రపటం ఉంది. దీవిలోని హుల్లో చర్చి శ్మశానంలో చక్రంలో ఇమిడిన సిలువ ఆకారపు సమాధిరాళ్లు మూడు వందలకు పైగా ఉన్నాయి. రేవు దగ్గర సైకిళ్లు అద్దెకిస్తారు. తిరుగు పడవ వేళ ముందే రాసిపెట్టుకోండి, సాయంత్రం పడవలు తక్కువ.