మూడున్నరేళ్ళ కంటి చుక్కలు, ఒకే కంటికి పెరిగిన రెప్పలు

మూడున్నరేళ్ళుగా రోజూ రాత్రి తొమ్మిదిన్నరకి ఎడమ కంట్లో ఒక్క చుక్క బైమాటోప్రాస్ట్, కంటి లోపలి ప్రెజర్ తగ్గించే మందు. కుడి కంట్లో ప్రెజర్ 16, ఎడమ కంట్లో ఎక్కువగా 27 వచ్చింది కాబట్టి మందు ఒక్క కంటికే రాశారు. ఇప్పుడు అదీ 15, 16 దగ్గర నిలబడింది. ప్రెజర్ సంగతి అంతే. నేను చెప్పాలనుకున్నది రెప్ప వెంట్రుకల గురించి.

మూడో నెలకల్లా ఎడమ రెప్ప వెంట్రుకలు నల్లగా, ఒత్తుగా, పొడుగ్గా వచ్చేశాయి. రైతు బజార్లో ఒకావిడ ‘ఒక కంటికే కాటుక పెట్టుకొచ్చారేంటండీ’ అని అడిగింది. యాభై నాలుగేళ్ళ వయసులో తల మీద జుట్టు రాలిపోతుంటే రెప్పల మీద పెరగడం! మురిసిపోయి కనిపించిన వాళ్ళందరికీ చెప్పాను. కొంప ముంచింది ఆ గొప్పే.

నిశ్చితార్థం బట్టలు కొనుక్కోవడానికి మేనకోడలు వచ్చి మా ఇంట్లో నెల పైనే ఉంది. మూడు మిల్లీలీటర్ల సీసా నాకు ఎప్పుడూ మిగిలిపోయేది. తెరిచిన నాలుగు వారాలకి పారేయమన్నారని అట్ట మీద తేదీ రాసుకుని, సగం మందు ఉండగానే ఉసూరుమంటూ పడేసేదాన్ని. అలాంటిది పదిహేడో రోజుకే ఖాళీ. నా చెయ్యి వణికి బుగ్గ మీద పోసుకుంటున్నానేమో అనుకున్నాను. తర్వాత మెడికల్ షాపుకి వెళ్ళి, తక్కువ మందున్న సీసా అంటగట్టారని గొడవేసుకున్నాను. ఆ అబ్బాయి పాపం ఓపిగ్గా కొత్త సీసా సీలు చూపించి పంపాడు.

ఆ కొత్త సీసా తెరిచిన పది రోజులకి, రాత్రి మంచినీళ్ళకి లేస్తే పక్క గదిలో లైటు వెలుగుతోంది. అద్దం ముందు మేనకోడలు. ఒక చేతిలో నా సీసా, ఇంకో చేతిలో పాత మస్కారా బ్రష్. ఆ బ్రష్‌ని సీసా మూతికి రాసి తడుపుకుంటోంది.

‘రెండు చుక్కలే అత్తా. అమెరికాలో ఇదే మందు రెప్పలు పెరగడానికి అమ్ముతారట, చూశాను.’

రెండు చుక్కలు కాదు, పొద్దున రెండు, రాత్రి రెండు, కారిపోయినవి లెక్కలేదు. మందు గురించి మాత్రం ఆ పిల్ల చెప్పింది నిజమే. ఇదే 0.03 శాతం మందుని అక్కడ 2008 చివర్లో రెప్పల కోసం అనుమతించారు. కానీ అక్కడ కూడా డాక్టరు చీటీ ఉండాలి. ఒక్కో కంటికి ఒక్కో శుభ్రమైన కొత్త బ్రష్, రాత్రిపూట ఒక్కసారే, పై రెప్ప మొదళ్ళలో మాత్రమే. నా కంట్లోకి వెళ్ళే సీసా మూతికి వాడిన బ్రష్ రుద్దమని ఎవరూ చెప్పలేదు. ఆ వారమంతా నా ఎడమ కన్ను ఎర్రబడి, పొద్దున్నే పుసులు కట్టేది. మొదట్లోనూ ఎర్రబడేది కాబట్టి మందు గుణమే అనుకున్నాను. డాక్టరుగారు సీసా పారేయించి, ఇన్‌ఫెక్షన్‌కి వేరే చుక్కలు రాసి ఇద్దరికీ చీవాట్లు పెట్టారు.

మురిసిపోతూ చెప్పినప్పుడు కొన్ని దాచాను. ఎడమ కంటి కింద చర్మం నల్లబడింది, ఆ పక్కే నిద్ర చాలనట్టు. పై రెప్ప కాస్త లోపలికి పోయి, ఫొటోల్లో ఒక కన్ను వేరుగా కనిపిస్తుంది. రెండు వెంట్రుకలు లోపలికి తిరిగి గుచ్చుకుంటే పీకించుకున్నాను. నాది ముదురు గోధుమ రంగు కనుగుడ్డు, రంగులో తేడా తెలియలేదు. లేత రంగు కనుగుడ్డు ఉన్నవాళ్ళకి అది నల్లబడితే అది మళ్ళీ పోకపోవచ్చట. చుక్క వేశాక కన్ను మూసి, ముక్కు పక్కన మూల రెండు నిమిషాలు వేలితో నొక్కి, బయటికొచ్చింది వెంటనే తుడిచేయాలి. ఈ తుడవడం నేను ఏడాది తర్వాత నేర్చుకున్నాను. ముందే తెలిసుంటే నలుపు ఇంత ఉండేది కాదేమో.

ప్రెజర్ కోసం నేనైతే దీన్ని మానను. ప్రెజర్ వల్ల పోయిన చూపు తిరిగి రాదన్న భయం నాది. పైగా నాకు మందు ఒక్క కంటికే, వేరే జబ్బుల్లేవు. ఆయాసం ఉన్న మా వదినకి ఏ చుక్కలు పడతాయో డాక్టరే చూడాలి, ప్రెజర్‌కే వాడే టిమోలాల్ లాంటి చుక్కలు ఆవిడకి పనికిరావన్నారు. ఒట్టి రెప్పల కోసమైతే నాకు మనసొప్పదు, మానేస్తే కొన్ని నెలల్లో మళ్ళీ మామూలే.

మేనకోడలు నిశ్చితార్థానికి అతికించుకునే రెప్పలు పెట్టుకుంది. సీసా నా బీరువాలో ఉంది, తాళం నా కొంగున.