షార్ట్స్ వ్యూస్ ఒక్కసారిగా పడిపోతే యూట్యూబ్ స్టూడియో ఎంతవరకు ఆదుకుంటుంది? చాలాకాలం వాడాక సమీక్ష

నిన్నటిదాకా వేలల్లో వచ్చిన షార్ట్స్ వ్యూస్ ఉన్నట్టుండి వందల్లోకి దిగితే చాలామంది ముందు అనుకునేది "అల్గారిదం మారింది" అనో, "ఛానల్‌ని తొక్కేశారు" అనో. ఆ మాట అనేముందు తెరవాల్సింది యూట్యూబ్ స్టూడియోలోని అనలిటిక్స్. ఇది ఉచితం, ఛానల్ ఉన్న ప్రతి ఒక్కరికీ ఉంటుంది. దీన్ని ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం ఇది: వ్యూస్ ఎక్కడ పడ్డాయో స్టూడియో చాలా బాగా చూపిస్తుంది. ఎందుకు పడ్డాయో నేరుగా చెప్పదు. సరైన వరుసలో అడుగుతూ పోతే కారణం చాలాసార్లు మనకే దొరుకుతుంది. వరుస తప్పితే మాత్రం ఏ తప్పూ లేని వీడియోలను మార్చుకుంటూ కూర్చోవాల్సి వస్తుంది.

మొదట, ఏ అంకెను నమ్మాలన్నది తేల్చుకోవాలి. 2025 మార్చి 31 నుంచి షార్ట్స్‌లో వ్యూ లెక్కించే పద్ధతి మారింది. వీడియో ఆడటం మొదలైనా, మళ్లీ మొదటి నుంచి తిరిగినా అది ఒక వ్యూ. కనీసం ఇంతసేపు చూడాలన్న నియమం లేదు. ఆగి చూసినవాటినే లెక్కించే పాత పద్ధతి అంకె 'ఎంగేజ్డ్ వ్యూస్' పేరుతో, అనలిటిక్స్‌లోని అడ్వాన్స్‌డ్ మోడ్ అనే వివరమైన పట్టికలో ఉంది. ఆదాయానికీ, యూట్యూబ్ ఆదాయంలో వాటా ఇచ్చే పార్ట్‌నర్ ప్రోగ్రామ్ అర్హతకూ పరిగణించేది దాన్నే. కాబట్టి ముందు తెర మీద పెద్ద అక్షరాల్లో కనిపించే వ్యూస్‌ని చూసి పడిపోయామనీ, పెరిగామనీ తీర్మానించకూడదు. వ్యూస్ తగ్గి ఎంగేజ్డ్ వ్యూస్ అలాగే ఉంటే, పోయింది ఆగకుండా వేలితో తోసేసుకుంటూ వెళ్లేవాళ్లే. ఎంగేజ్డ్ వ్యూస్ కూడా అదే నిష్పత్తిలో పడితే అది నిజమైన పతనం. ఆ తేదీకి ముందు నెలలనూ తర్వాత నెలలనూ పోల్చేటప్పుడు ఎంగేజ్డ్ వ్యూస్ తప్ప మరో అంకెను ముట్టుకోవద్దు.

రెండో జాగ్రత్త సమయం గురించి. అనలిటిక్స్‌లో రోజు మారేది అమెరికా పసిఫిక్ కాలం ప్రకారం. మన అర్ధరాత్రితో దానికి సంబంధం లేదు. పైగా చివరి రెండు రోజుల లెక్క తరచుగా అసంపూర్తిగా ఉంటుంది, గీత అక్కడ కిందికి వంగినట్టు కనిపిస్తుంది. ఆ వంపును చూసే చాలామంది కంగారు పడతారు. ఇప్పటికిప్పుడు ఏం జరుగుతోందో కావాలంటే 48 గంటల రియల్‌టైమ్ కార్డు చూడండి. పోలికలకు మాత్రం కనీసం మూడు రోజుల కిందటితో ముగిసే 28 రోజులు తీసుకోండి.

ఇక అసలు ప్రశ్న: పడింది ఛానలా, ఒక్క వీడియోనా? స్టూడియోలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించేది ఈ ఒక్క పరీక్షే. కంప్యూటర్ బ్రౌజర్‌లో అనలిటిక్స్ తెరిచి అడ్వాన్స్‌డ్ మోడ్‌లోకి వెళ్లాలి. కంటెంట్ రకంలో షార్ట్స్ ఒక్కటే ఎంచుకోవాలి. 28 రోజుల వ్యవధి పెట్టి, పోలికలో అంతకుముందు వ్యవధిని చేర్చాలి. ఇప్పుడు ఒక్కో వీడియో పక్కన ఎంత తగ్గిందో కనిపిస్తుంది. ఉదాహరణకు మొత్తం తగ్గుదల 3,00,000 అనుకుందాం. అందులో 2,60,000 ఒక్క పాత వీడియోదే అయితే ఛానల్‌కి ఏమీ కాలేదు. ఆ వీడియో షార్ట్స్ ఫీడ్‌లో, అంటే వేలితో తోసుకుంటూ చూసే వరుసలో, తన పరుగు ముగించింది, అంతే. మిగతా వీడియోలు దాదాపు ఎప్పటి స్థాయిలోనే ఉన్నాయి. ఆ పెద్ద వీడియో వచ్చిన నెలను మామూలు నెల అనుకోవడం వల్లే ఇది పతనంలా కనిపిస్తుంది.

అలా కాకుండా కొత్తగా పెట్టిన ప్రతి వీడియో కూడా తక్కువకే ఆగిపోతుంటే అప్పుడు విషయం ఉంది. దానికి పాత పది వీడియోలు, కొత్త పది వీడియోలు తీసుకుని, ప్రచురించిన మొదటి 24 గంటల్లోనూ, మొదటి 7 రోజుల్లోనూ వచ్చిన ఎంగేజ్డ్ వ్యూస్ రాసుకోవాలి. సగటు తీయకండి. పదింటినీ పెద్ద నుంచి చిన్నకు పేర్చి మధ్యలో వచ్చే రెండింటి నడిమి విలువను చూడండి. ఒక్క వీడియో అదృష్టం కొద్దీ పేలితే సగటు మొత్తాన్ని అబద్ధం చేసేస్తుంది, మధ్య విలువ చేయదు. ఈ మధ్య విలువ మారకపోతే వీడియోల తీరు మార్చడం అనవసరం.

ఇదే లెక్క పార్ట్‌నర్ ప్రోగ్రామ్ కోసం ఎదురుచూసేవాళ్లకూ వర్తిస్తుంది. ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లతో పాటు షార్ట్స్ దారిలో 90 రోజుల్లో కోటి అర్హమైన వ్యూస్ కావాలి. ఆ 90 రోజులు రోజురోజుకూ ముందుకు జరుగుతుంటాయి. పాత వైరల్ వీడియో తాలూకు మంచి రోజులు ఆ కిటికీలోంచి జారిపోగానే, కొత్తగా ఏ తప్పూ జరగకపోయినా మీటర్ కిందికి దిగుతుంది.

ఛానలే పడిందని తేలితే తర్వాత చూడాల్సింది ట్రాఫిక్ సోర్స్, అంటే వ్యూస్ ఏ దారిలో వచ్చాయన్నది. షార్ట్స్ ఫీడ్, యూట్యూబ్ సెర్చ్, ఛానల్ పేజీలు, బ్రౌజ్ (హోమ్ పేజీ వంటివి), సౌండ్ పేజీలు (ఒకే పాట వాడిన షార్ట్స్ కనిపించే చోటు) వేర్వేరు వరుసల్లో ఉంటాయి. ఫీడ్ ఒక్కటే కూలి సెర్చ్ నిలకడగా ఉంటే, కొత్తవాళ్ల ముందుకు వెళ్లినప్పుడు వీడియో నిలబడలేకపోతోందని అర్థం. సెర్చ్ పడితే ఆ అంశం మీద ఆసక్తి తగ్గి ఉండాలి, లేదా సీజన్ అయిపోయి ఉండాలి. పరీక్షల కాలం ముగిశాక పరీక్షల చిట్కాలు పడిపోవడం మామూలే. సౌండ్ పేజీల నుంచి వచ్చేది పోతే ఆ పాట ఊపు తగ్గిందన్నమాట. అన్ని వరుసలూ ఒకే రోజున, ఒకే నిష్పత్తిలో పడితే మాత్రం వీడియోల్లో వెతక్కండి. నేరుగా స్టూడియోలో వీడియోల జాబితా ఉండే కంటెంట్ పేజీలోని ఆంక్షల (Restrictions) నిలువు వరుసకు వెళ్లండి.

ఆ వరుస గురించి ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే చూడటానికి రెండు నిమిషాలు పడుతుంది, చూడకపోతే వారాలు వృథా అవుతాయి. 2024 అక్టోబర్ 15 నుంచి నిలువు, చతురస్ర వీడియోలు 3 నిమిషాల దాకా షార్ట్స్‌గా వెళ్తున్నాయి. కానీ ఒక నిమిషం దాటిన షార్ట్‌కి ఎలాంటి కంటెంట్ ఐడీ క్లెయిమ్ (పాట లేదా దృశ్యం తమదని హక్కుదారుల తరఫున పడే గుర్తు) వచ్చినా అది అన్ని దేశాల్లోనూ ఆగిపోతుంది. నలభై సెకన్ల వీడియోలకు అలవాటుగా వాడుకున్న పాటనే డెబ్బై సెకన్ల వీడియోకి పెట్టడం వల్ల వచ్చే చిక్కు ఇది. వయసు పరిమితి పడిందా, పొరపాటున 'పిల్లల కోసం' అని గుర్తు పెట్టారా అన్నవి కూడా అక్కడికక్కడే చూసుకోవచ్చు. పిల్లల కోసం అని పెడితే కామెంట్లు మూతపడతాయి, నోటిఫికేషన్లు వెళ్లవు.

పరుగు ముగిసిన పాత వీడియో కాదు, ఆంక్ష కాదు, ఫీడ్‌లోనే పడుతోంది అని తేలితే ఇక రెండే అంకెలు: 'స్టేడ్ టు వాచ్' శాతం, ఏ సెకను దగ్గర ఎంతమంది మిగిలారో చూపే రిటెన్షన్ గీత. మొదటిది ఎంతమంది ఆగి చూశారో, ఎంతమంది తోసేశారో చెబుతుంది. ఇంత శాతం ఉంటే మంచిదని బయట తిరిగే అంకెలను పట్టించుకోకండి. వీడియో నిడివిని బట్టి, అంశాన్ని బట్టి అది మారుతుంది. మీ ఛానల్‌లోనే, దాదాపు అదే నిడివి ఉన్న, బాగా ఆడిన వీడియోలతో పోల్చండి.

రిటెన్షన్ గీత చదవడం ఒక్కసారి పట్టుబడితే స్టూడియోలో మిగతావన్నీ పక్కనపెట్టినా ఫర్వాలేదు. సైకిల్ గొలుసు శుభ్రం చేయడం చూపించే 32 సెకన్ల వీడియో అనుకోండి. గీత 100 శాతానికి పైన మొదలవుతుంది. మళ్లీ మళ్లీ చూసినవాళ్లూ లెక్కలోకి రావడం వల్ల అలా కనిపిస్తుంది, అది తప్పు కాదు. మూడో సెకనుకల్లా గీత నిట్టనిలువుగా దిగిపోయింది. ఆ మూడు సెకన్లలో ఉన్నది "హాయ్ ఫ్రెండ్స్, ఈ వీడియోలో మనం..." అనే పలకరింపు, చేతిలో ఒక సీసా. చూసేవాడికి గొలుసు ఇంకా కనిపించనే లేదు. 14వ సెకను దగ్గర ఇంకో గుంట. అక్కడ ద్రావణం పట్టేదాకా ఆగే దృశ్యం కదలకుండా నాలుగు సెకన్లు నిలబడింది. 28 నుంచి 32 దాకా జారుడు. పని అయిపోయింది, "లైక్ చేయండి" అన్న మాటలు మొదలయ్యాయి, చూసేవాడు వెళ్లిపోయాడు.

మూడింటికీ మందు వేర్వేరు. మొదటి ఫ్రేములోనే సగం నల్లగా, సగం మెరుస్తూ ఉన్న గొలుసును దగ్గరగా చూపించాలి. మాట ఆ దృశ్యం మీదే మొదలవ్వాలి. మధ్యలో ఆగే దృశ్యాన్ని ఒక సెకనుకు కోసి "పది నిమిషాలు ఆగండి" అని తెర మీద రాస్తే చాలు. చివర శుభ్రమైన గొలుసు తిరగడంతోనే ఆపేస్తే, వీడియో మళ్లీ మొదటికి వెళ్లినప్పుడు అతుకు కనిపించదు. తెర మీద రాతలు కుడి అంచుకూ, అడుగు భాగానికీ దూరంగా ఉండాలి. అక్కడ యూట్యూబ్ బటన్లూ, శీర్షికా వచ్చి కూర్చుంటాయి. చిన్న తెర మీద అసలు విషయం వాటి వెనక దాక్కోవడం తరచూ జరిగే తప్పు, స్టూడియో దీన్ని ఎక్కడా చూపించదు. వీడియోని ఫోన్‌లో, యాప్‌లోనే తెరిచి చూసుకోవాలి.

గీత బాగానే ఉండి, ఆగి చూసే శాతం మాత్రమే పడితే, వీడియో తప్పు మనుషులకు చేరుతూ ఉండొచ్చు. ఆడియన్స్ ట్యాబ్‌లో ప్రాంతాలనూ, కొత్త ప్రేక్షకులూ అలవాటుగా చూసేవాళ్లూ ఎంతెంతమందో చూడండి. మాటలు లేని, సంగీతం మాత్రమే ఉన్న ఒక వీడియో ఇతర భాషల ప్రాంతాల్లో బాగా ఆడితే, ఆ తర్వాత వచ్చే మాటల వీడియోలు కూడా మొదట్లో కొంత అక్కడికే వెళ్తున్నట్టు కనిపిస్తుంది. వాళ్లకు భాష రాదు, తోసేస్తారు. ఇలాంటప్పుడు అదే భాషలో, అదే అంశం మీద వరుసగా పెట్టుకుంటూ పోవడమే దారి. మధ్యలో మళ్లీ మాటల్లేని వీడియో పెట్టి వ్యూస్ పెంచుకోవాలనే ఆశ పడితే కథ మొదటికొస్తుంది.

స్టూడియో చేయలేనివీ ఉన్నాయి. ఫీడ్ మీ వీడియోని ఎందుకు ఆపిందో ఒక్క వాక్యంలో కూడా చెప్పదు. అదే అంశం మీద ఆ వారం ఎన్ని వీడియోలతో పోటీ పడ్డారో తెలియదు. థంబ్‌నెయిళ్లను పోల్చి చూసే పరీక్ష సాధనం పొడవు వీడియోలకే తప్ప షార్ట్స్‌కి రాదు. ఈ విషయంలో ఇన్‌స్టాగ్రామ్ ఒక అడుగు ముందుంది. 2024 డిసెంబర్‌లో వచ్చిన ట్రయల్ రీల్స్‌లో వీడియో ముందు మనల్ని ఫాలో కానివాళ్లకే వెళ్తుంది. మొదటి 72 గంటల్లో బాగా ఆడితే అందరికీ చూపించేలా ముందే పెట్టుకోవచ్చు. సిఫార్సులకు అర్హత ఉందో లేదో కూడా అక్కడి అకౌంట్ స్టేటస్‌లో సూటిగా కనిపిస్తుంది. రెండు చోట్లా పెట్టేవాళ్లు మొదటి మూడు సెకన్ల రకరకాల రూపాలను ముందు ట్రయల్ రీల్స్‌లో చూసుకోవడం తెలివైన పని. ఇంకో యాప్ వాటర్‌మార్క్ ఉన్న ఫైలు మాత్రం వద్దు. అలాంటి రీల్స్‌ని తక్కువగా సిఫార్సు చేస్తామని ఇన్‌స్టాగ్రామ్ ఎప్పుడో చెప్పింది. ఎడిటింగ్ నుంచి శుభ్రమైన 1080 బై 1920 ఫైలు తీసి, దాన్నే రెండు చోట్లా పెట్టుకోండి.

వ్యూస్ పడగానే వీడియోని తీసేసి మళ్లీ పెట్టే అలవాటు గురించి గట్టిగా చెప్పాలి: మానేయండి. పోగుపడ్డ రిటెన్షన్ లెక్క, కామెంట్లు, సెర్చ్ నుంచి నెమ్మదిగా వచ్చే వ్యూస్ అన్నీ పోతాయి. పైగా పోల్చుకోవడానికి సాక్ష్యమూ మిగలదు. షార్ట్స్ కొన్ని రోజులు నిద్రపోయి లేవడం అరుదేమీ కాదు. హ్యాష్‌ట్యాగులు ఇరవై పెట్టడం, వ్యూస్ కొనడం కూడా అంతే. కొన్న వ్యూస్ అర్హత లెక్కలోకి రావు సరికదా, ఆగి చూసే శాతాన్ని చెడగొట్టి రోగ నిర్ధారణనే అసాధ్యం చేస్తాయి.

బాగుచేసే పనిలో ఒక క్రమం పాటిస్తేనే స్టూడియో అంకెలకు అర్థం ఉంటుంది. ఒక విడతలో ఒక్కటే మార్చండి. మొదటి మూడు సెకన్లు మారిస్తే నిడివి, అంశం, పెట్టే వేగం అలాగే ఉంచండి. ఆ మార్పుతో కనీసం ఎనిమిది, పది వీడియోలు పడ్డాకే లెక్క తీయండి. రెండు మూడు వీడియోలతో వచ్చేది యాదృచ్ఛికం. అడ్వాన్స్‌డ్ మోడ్‌లో పాత విడతనూ కొత్త విడతనూ రెండు గ్రూపులుగా భద్రపరచుకోవచ్చు, ఆ సౌకర్యం చాలామంది కంట పడదు. అక్కడి నుంచే పట్టికను షీటుగా దించుకుని, ఒక్కో వీడియోకి తేదీ, నిడివి, 24 గంటల ఎంగేజ్డ్ వ్యూస్, ఆగి చూసిన శాతం, సగటున చూసిన శాతం, ఫీడ్ వాటా రాయండి. పక్కన ఇంకో గడిలో మొదటి ఫ్రేములో ఏముందో మాటల్లో రాయండి. ఆ గడి స్టూడియో ఇవ్వదు. 'ముఖం, పలకరింపు', 'వస్తువు దగ్గరగా', 'ముందు ఫలితం' అని ముప్పై వరుసలు నిండాక ఆ గడి ప్రకారం పట్టికను పేర్చి చూడండి, వ్యూస్ ఎక్కడ పోతున్నాయో అక్కడ కనిపిస్తుంది.